పాత కంప్యూటర్ నడుస్తూనే ఉన్నది, మరి ఉంచుకోవచ్చా?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు తయారీ సంస్థ మద్దతు ముగిసింది. అంతకుముందు విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ఇదే జరిగింది. ఈ తేదీలు మన ఇళ్లలో ఎవరికీ గుర్తుండవు. గుర్తుంచుకోవలసిన అవసరమూ కనిపించదు. ఎందుకంటే ఆ మరునాడు ఉదయం మీట నొక్కితే కంప్యూటర్ యథాప్రకారం వెలుగుతుంది, నిన్న వ్రాసిన లెక్క నిన్నటి చోటనే ఉంటుంది.

అరకు లోయలోని మా చిన్న మదర్సాలో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తరం విండోస్. ఎక్స్‌పీ ఉన్నది అన్నింటికన్న పాతది, మొండికేయకుండా పనిచేసేదీ అదే. వీటిని ఉంచాలా, మార్చాలా అన్న చర్చ మా కమిటీలో మూడు సమావేశాల పాటు సాగింది. ఇటువంటి ప్రశ్న పాఠకుల ఇళ్లలో, దుకాణాలలో, మస్జిద్ కమిటీలలో కూడా ఉండి ఉంటుందన్న ఉద్దేశంతో ఆ చర్చలో తేలిన సంగతులను ఈ నెల వ్రాస్తున్నాము.

మా కోశాధికారి గారు మొదటి రోజే ఒక మాట అన్నారు: "మౌలానా సాబ్, ఘాట్ రోడ్డు మీద చక్కగా నడుస్తున్న బండిని ఆపి ఇంజను ఎందుకు విప్పడం?" ఇది తేలికగా తోసిపుచ్చదగిన మాట కాదు. ఎక్స్‌పీ నడవడానికి 64 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు. విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు అడుగుతుంది. దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొంత కొత్త తరం ప్రాసెసర్ కూడా ఉండితీరాలంటుంది. అనగా విండోస్‌ను మార్చడమంటే కంప్యూటర్‌నే మార్చడం. పిల్లల ఫీజు మాఫీ చేయడానికే చందాలు సరిపోని సంస్థకు అది చిన్న ఖర్చు కాదు.

అయితే మద్దతు ముగియడమంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా దొంగలు దూరగల సందులు ఉంటాయి. అవి బయటపడినప్పుడల్లా తయారీదారులు ఒక అతుకు పంపుతారు. దానినే మనం అప్‌డేట్ అంటున్నాము. మద్దతు ముగిసిన తరువాత సందులు బయటపడడం ఆగదు, అతుకులు రావడం మాత్రం ఆగిపోతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం మరొకటి ఉన్నది. కొత్త విండోస్‌లో పాత విండోస్ భాగాలు ఎన్నో అలాగే ఉంటాయి. కొత్తదానికి అతుకు విడుదలైన రోజున, ఆ అతుకు ఎక్కడ వేశారో చూసి, అదే సందు పాతదానిలో తెరిచే ఉన్నదని దొంగ తెలుసుకోగలడు. పొరుగింటివారు తాళం మార్చుకున్నారంటే మన ఇంటి తాళం ఎటువంటిదో బజారుకు తెలిసిపోయినట్లే.

ఇది మన రాష్ట్రంలోనే జరిగింది. 2017 మే 12, శుక్రవారం నాడు వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా విరుచుకుపడింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ అది తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో చెల్లించమన్నది. దాదాపు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లకు అది సోకింది. అప్పటికి మన అరకు కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో.

ఆ వైరస్ దూరిన సందుకు అతుకు అదే సంవత్సరం మార్చి 14న, అంటే రెండు నెలల ముందే, విడుదలై ఉన్నది. మద్దతు లేని ఎక్స్‌పీకి అది అందలేదు. ఉపద్రవం వచ్చిన మరునాడు, మే 13న, మైక్రోసాఫ్ట్ తన నియమాన్ని సడలించి ఎక్స్‌పీకి కూడా ఇచ్చింది. విచిత్రమేమిటంటే, దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం ఎక్స్‌పీవి కావు, అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7వి. అతుకు వచ్చింది, వేసుకున్నవారు లేరు. మా కొండలలో ఇది మరీ ఎక్కువ. సిగ్నల్ అంతంతమాత్రం, డేటా ఖరీదు, అప్‌డేట్ మొదలైతే కరెంటు పోతుందేమోనన్న భయం. అందుచేత ఎవరో ఒక కుర్రవాడిని పిలిచి అప్‌డేట్‌లను శాశ్వతంగా ఆపించేసినవారు ఎందరో. కొత్త విండోస్ ఉన్నంతమాత్రాన తాము క్షేమమని వీరు భావిస్తే అది భ్రమ మాత్రమే.

బ్యాంకుల సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో ఏటీఎంలు అనేకం ఎక్స్‌పీ మీదనే నడుస్తుండగా, 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు విధించి, 2019 జూన్ నాటికి మద్దతు లేని వ్యవస్థలన్నింటినీ మార్చివేయమన్నది. డబ్బు ఉన్నచోట ఇన్ని గడువులు అవసరమయ్యాయి.

రెండవ సమావేశంలో మా యువ ఉపాధ్యాయుడు ఒక మార్గం సూచించాడు: "హజ్రత్, పాతదానికి ఇంటర్నెట్ తీసివేస్తే సరిపోతుంది కదా!" ఇది సగం సరియైన మాట. ఇంటర్నెట్ లేని ఎక్స్‌పీకి ప్రమాదం చాలా తగ్గుతుంది. మిగిలిన సగం పెన్ డ్రైవ్‌లో ఉన్నది. మదర్సాలో ప్రింటరు లేదు. ఒక కాగితం కావాలంటే పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని బజారులోని జిరాక్స్ షాపుకు వెళతాము. అక్కడి కంప్యూటర్‌కు ఉదయం నుండి రాత్రి వరకు ఎందరి పెన్ డ్రైవ్‌లో తగిలి ఉంటాయి. సంతలో చేతులు మారే పది రూపాయల నోటు ఎంత శుభ్రమో అవీ అంతే. తిరిగివచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపించడం ఎందరికో అనుభవమే. 2008లో బయలుదేరిన కాన్‌ఫికర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లకు పాకిన దారులలో పెన్ డ్రైవ్ ఒకటి. కాబట్టి ఇంటర్నెట్ తీసివేసినవారు పెన్ డ్రైవ్ విషయంలో కూడా కట్టడి పాటించాలి: బజారుకు వెళ్లేది వేరు, పాత కంప్యూటర్‌కు తగిలేది వేరు.

ఇంతవరకు వైరస్ గురించి వ్రాశాము. మా దృష్టిలో అంతకన్న పెద్ద అపాయం మరొకటి ఉన్నది.

ఆ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను మేము ఇన్నాళ్లూ వదలలేకపోవడానికి కారణం అందులోని వ్రాతలు. తెలుగు వ్రాతలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, ఉర్దూ వ్రాతలు ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. తెలుగు నేలమీద పెళ్లి పత్రిక మొదలు వార్తాపత్రిక వరకు ఎన్నో ఏళ్లు అను అక్షరాలతోనే అచ్చయ్యాయి. ఉర్దూకు ఇన్‌పేజ్ చేసిన మేలు ఇంకా గొప్పది. అంతవరకు నస్తాలీఖ్ లిపిలో పుస్తకం రావాలంటే కాతిబ్ గారు నెలల తరబడి కలంతో వ్రాయవలసి వచ్చేది. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించారు. తమ తండ్రి నూర్ అహ్మద్ గారి పేరునే దానికి పెట్టారు. ఆ అక్షరాలే 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ద్వారా మన మదర్సాల బల్లల మీదికి చేరాయి.

కాని ఈ రెండింటిలోనూ ఒక చిక్కు ఉన్నది. అను ఫైలులో ఉన్నది నిజానికి తెలుగు కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే ఉంటాయి, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తుల వరుస కనిపిస్తుంది. పాత ఇన్‌పేజ్ ఫైలును కూడా ఇన్‌పేజ్ తప్ప మామూలు ప్రోగ్రామ్ చదవలేదు. యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నం. అందులో ప్రతి తెలుగు అక్షరానికి, ప్రతి ఉర్దూ అక్షరానికి తనదైన సంఖ్య ఉన్నది. ఫాంటు మారినా, యంత్రం మారినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం దొరికింది, ఎక్స్‌పీలో సైతం గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉండేది. మన అలవాటు మాత్రం అను మీదనే నిలిచిపోయింది.

మా మదర్సాలో ఇరవై సంవత్సరాలు బోధించి మరణించిన ఒక ఉస్తాద్, ఇంటి వద్ద తెలుగు మాత్రమే మాట్లాడే మన పిల్లల కోసం, ఉర్దూ నేర్పే వాచకం ఒకటి స్వయంగా తయారుచేశారు. ఎడమ పేజీలో తెలుగు అనులో, కుడి పేజీలో ఉర్దూ ఇన్‌పేజ్‌లో. అది ఎన్నడూ అచ్చు కాలేదు. జిరాక్స్ ప్రతులతోనే రెండు తరాల పిల్లలు చదువుకున్నారు. జకాత్, సదఖాల పాత ఖాతాలు, నికాహ్ రిజిస్టరు నకలు, పిల్లల పుట్టిన తేదీలు కూడా అందులోనే ఉన్నాయి. ఆ హార్డ్ డిస్క్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది. వానాకాలంలో ఈ లోయలో పిడుగులు పడే తీరు తెలిసినవారికి ఆ రోజు ఎంతో దూరంలో లేదని కూడా తెలుసు. అప్పుడు వైరస్ రాకుండానే అన్నీ పోతాయి. ఖుర్ఆన్‌లో అన్నింటికన్న పొడవైన ఆయత్ అప్పును వ్రాతలో పెట్టుకోవడం గురించినదని విద్యార్థులకు బోధించే మనం, వ్రాసిన దానిని ఒకే ఇనుప పెట్టెలో వదిలేయడం తగదు కదా!

అందుచేత మా నిర్ణయం మూడు యంత్రాలకు మూడు విధాలుగా వచ్చింది. ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంటుంది, ఇంటర్నెట్ లేకుండా, కేవలం పాత ఫైళ్లు తెరవడానికి. మొదట ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా మార్చి రెండు వేర్వేరు చోట్ల భద్రపరిచాము. పీడీఎఫ్‌లో అక్షరాలు చిత్రం వలె నిలిచిపోతాయి, ఫాంటు బెంగ ఉండదు. విండోస్ 10 ల్యాప్‌టాప్‌కు ఇళ్లలో వాడేవారి కోసం ఇచ్చిన ఒక ఏడాది పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకు ఉన్నది. పొరుగింటి అబ్బాయి దానిని నమోదు చేసి ఇచ్చాడు. ఆ లోగా తరువాతి సంగతి చూడాలి.

విండోస్ 7 ఉన్నదానిపై మాత్రం వాదం గట్టిగానే జరిగింది. దానిలో గూగుల్ క్రోమ్ 109వ వెర్షన్ దగ్గర, 2023లోనే ఆగిపోయింది. ఆ పాత బ్రౌజరుతోనే స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బ్యాంకు పనులు చేస్తూ వచ్చారు. ఇది ఒప్పుకోదగినది కాదని మేము స్పష్టంగా చెప్పాము. పిల్లల ఆధార్ సంఖ్యలు, తల్లిదండ్రుల ఖాతా సంఖ్యలు మన వద్ద అమానతు. మన సొంత వస్తువు పోతే మన నష్టం, అమానతు పోతే సమాధానం చెప్పుకోవాలి. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేదు గనుక, అందులో విండోస్ తీసివేసి లినక్స్ మింట్ వేయించాము. అది ఉచితం, తక్కువ మెమరీతో నడుస్తుంది, అప్‌డేట్‌లు వస్తూనే ఉంటాయి, తెలుగు, ఉర్దూ కీబోర్డులు అందులోనే ఉన్నాయి. మన దేశంలోనే సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉన్నది. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగులోనే లినక్స్‌ను అందించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఏళ్ల తరబడి పిల్లలు నేర్చుకుంటున్నది లినక్స్ మీదనే. కష్టం లేదని అనము. కోశాధికారి గారికి మెనూలు అలవాటు కావడానికి నెల పట్టింది. స్కానరు ఒకటి ఇప్పటికీ దానితో పలకడం లేదు.

ఉచితమన్న మాట వచ్చింది గనుక ఇంకొక విషయం. దుకాణాలలో డబ్బు చెల్లించని విండోస్ నకలును వేసి ఇవ్వడం మామూలైపోయింది. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ, రచన, ఆవిష్కరణల హక్కులు షరీఅత్ రక్షించే హక్కులేనని, వాటిని ఉల్లంఘించరాదని తీర్మానించింది. దీనిపై ఉలమాలలో వేరు అభిప్రాయాలు లేకపోలేదు. కాని పంచుకొమ్మని యజమానులే అనుమతించిన లినక్స్ అందుబాటులో ఉండగా సందేహం ఉన్నదానిని ఎంచుకోవలసిన పనేమున్నది?

కమిటీలో ఒక పెద్దాయన వేరొక సందేహం లేవనెత్తారు. విండోస్ 7 కంప్యూటర్‌ను ఇచ్చిన దాత ఇప్పుడు లేరు, వారి సదఖాను మార్చడం, రేపు తీసివేయడం తగునా అని. వస్తువును మదర్సాకు కానుకగా ఇచ్చి ఉంటే మదర్సా ప్రయోజనం చూసి కమిటీ దానిని మార్చవచ్చు, అమ్మవచ్చు, ఆ సొమ్ము మదర్సాకే చెందాలి. వక్ఫ్ అని స్పష్టంగా పలికి ఇచ్చి ఉంటే సంగతి వేరు. ప్రయోజనం నశించిన వక్ఫ్‌ను మార్పిడి చేయడానికి హనఫీ ఫిఖ్‌హ్‌లో షరతులు ఉన్నాయి, దగ్గరి ముఫ్తీ గారిని అడగాలి. ఏ రకంగా వదిలించుకున్నా ముందు హార్డ్ డిస్క్‌ను పూర్తిగా తుడిపించాలి. డిలీట్ మీట నొక్కినంతమాత్రాన ఫైలు పోదు, పాత సామాను కొన్నవాడు దానిని తిరిగి తీయగలడు. ఇంటి ఆడపిల్లల ఫోటోలు ఉన్న కంప్యూటర్‌ను తూకానికి వేసేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో కంప్యూటర్ లేనివారే ఎక్కువ. అందరి చేతిలోనూ ఉన్నది ఫోన్. దానికీ ఇదే కథ. ఆండ్రాయిడ్ 5.0 కన్న పాత ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం మానివేసింది. అంత పాతది కాకపోయినా, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది రెండు మూడేళ్ల క్రిందట ఆగి ఉంటే, ఆ ఫోన్‌ను పిల్లల పాఠాలకు, అజాన్ వేళలకు ఉంచుకుని, డబ్బు పంపే యాప్‌లను వేరే ఫోన్‌లోకి మార్చుకోండి.

ఉస్తాద్ గారి వాచకాన్ని మా పెద్ద తరగతి విద్యార్థులు ఇద్దరు యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నారు. తెలుగుకు సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంటు, ఉర్దూకు జమీల్ నూరీ నస్తాలీఖ్. నలభై పాఠాలలో ఇరవై ఆరు పూర్తయ్యాయి. మిగిలినవి రమజాన్ సెలవుల లోపల ముగించి, ఇన్ షా అల్లాహ్, అడిగిన మదర్సాలన్నింటికీ పంపుతాము.