స్కాన్ కంటే ముందు క్యాలెండర్

భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగి కూతురికి చాలా ఊళ్ల ఆడపిల్లలకు లేని వీలు ఒకటుంది. చిన్ననాటి జ్వరం నుంచి కాలేజీ రోజుల దాకా తండ్రి ఉద్యోగం మీద సెక్టార్-9 జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు. అయినా పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) చాలామందిలో పెళ్లయి, పిల్లలు కలగక డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే బయటపడుతుంది. అప్పటికి ఆమె తండ్రి మీద ఆధారపడిన వాళ్ల జాబితాలో ఉండదు. ఆసుపత్రి చేతిలో ఉన్నన్నాళ్లూ నెలసరి గురించి ఎవరూ అడగలేదు. అడగాల్సి వచ్చేసరికి ఆసుపత్రి చేయి దాటిపోయింది.

లక్షణాలు కనిపించక కాదు. ఒక్కొక్కటీ ఒక్కో గుమ్మం ఎక్కుతుంది. గడ్డం మీద వెంట్రుకలు బ్యూటీ పార్లర్‌కి, తగ్గని మొటిమలు చర్మవైద్యుడి దగ్గరికి, పెరిగే బరువు జిమ్‌కి వెళ్తాయి. మెడ వెనక నలుపును మురికి అనుకుని అమ్మ సున్నిపిండితో రుద్దుతుంది. అది రుద్దితే పోయే మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి చర్మం మీద కనిపించే గుర్తు. దానికి బదులుగా ఒళ్లు ఎక్కువగా తయారుచేసే ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. మొటిమలకూ, అవాంఛిత రోమాలకూ, తప్పిన నెలసరికీ మూలం చాలావరకు అక్కడే.

నెలసరి తప్పితే మన ఇళ్లలో సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. 'వేడి చేసింది', 'పరీక్షల టెన్షన్', 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది'. ఐఐటీ కోచింగ్‌కి పేరుపడ్డ ఈ ఊళ్లో రెండోది మరీ చెల్లుబాటవుతుంది. ఒత్తిడి వల్ల నెలసరి తప్పే మాట నిజమే. అయితే పీసీఓఎస్‌పై 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా లెక్క కట్టాయి. రజస్వల అయిన మొదటి ఏడాది అటూ ఇటూ కావడం సహజం. మూడేళ్లు దాటాక 35 రోజులకు మించినా, 21 రోజుల లోపే వచ్చినా, ఏడాదికి ఎనిమిది కంటే తక్కువసార్లు అయినా చూపించుకోవాలి. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా 90 రోజులు దాటితే ఆగకూడదు.

అన్నిటికంటే పెద్ద అపోహ స్కాన్ గురించి. 'స్కాన్‌లో ఏమీ లేదు' అనగానే ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. 'నీటి బుడగలున్నాయి' అంటే గడ్డలని హడలిపోతారు. అవి గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. యవ్వనారంభంలో అండాశయాలు మామూలుగానే అలా కనిపించవచ్చు కాబట్టి ఆ వయసులో నిర్ధారణకు స్కాన్ వాడవద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసు పిల్లల్లో నిర్ధారణకు క్రమం తప్పిన నెలసరీ, పురుష హార్మోన్ల ఆధిక్యమూ రెండూ ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసి ఇతర కారణాలు లేవని తేల్చుకోవాలి. లావుగా ఉంటేనే పీసీఓఎస్ అనుకోవడమూ పొరపాటే. సన్నగా ఉన్న పిల్ల ఈ లెక్కలోంచే తప్పిపోతుంది.

ప్రపంచంలో పునరుత్పత్తి వయసు స్త్రీలలో 8 నుంచి 13 శాతం మందికి ఇది ఉందనీ, వాళ్లలో 70 శాతం మంది వరకూ గుర్తింపే జరగలేదనీ 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పిల్లలు కలగకపోవడం ఒక్కటే దీని పర్యవసానం కాదు. మధుమేహం, రక్తపోటు, కుంగుబాటు, చాలాకాలం నెలసరి రాకపోతే గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు కూడా ఉన్నాయి. దీన్ని పెళ్లి సంబంధాలకు అడ్డొచ్చే రహస్యంగా దాచడం నా దృష్టిలో జబ్బు కంటే ఎక్కువ చేటు చేస్తోంది.

భిలాయిలోని ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి కాంట్రాక్టు కార్మికుడి కూతురికి సెక్టార్-9 ఆసరా లేదు. ఆమెకు ముందుగా కావాల్సింది ఖరీదైన పరీక్ష కాదు, తేదీలు రాసుకునే అలవాటు. కర్మాగారం బడుల్లోనూ, ప్రభుత్వ బడుల్లోనూ జరిగే ఆరోగ్య పరీక్షల్లో ఒక్క ప్రశ్న చేర్చండి: నిరుడు ఎన్నిసార్లు నెలసరి వచ్చింది? ఎనిమిది కంటే తక్కువని చెప్పిన పిల్లను, రజస్వల అయి మూడేళ్లు దాటితే, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపండి.