గొర్రె మూతిపెట్టని ఆకు

దంతాలపల్లి శివారులో నాకున్న రెండెకరాల చెలకకు తూర్పు గెట్టు అవతల ఏడెకరాల తోట ఉంది. పేపర్లు యూకలిప్టస్ అంటాయి, కొందరు నీలగిరి అంటారు. మాకు జామాయిల్. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. పదేళ్ల కిందటిదాకా ఆ చెలకను మా వాడకట్టు వాళ్లే ఇద్దరు కౌలుకు చేసేవాళ్లు. పత్తి, మధ్యలో కంది సాళ్లు.

మా నాయన గొర్లు కాసినవాడు. పత్తి ఏరడం అయిపోయాక మంద ఆ ఏడెకరాల్లోనే తిరిగేది. పచ్చాకు, రాలిన కంది పొట్టు, గెట్ల మీది గడ్డి, అన్నీ గొర్లవే. రాత్రి అక్కడే మంద పెడితే చెలకకు ఎరువు దక్కేది, నాయనకు వడ్లో జొన్నలో కొలిచి పోసేవాళ్లు. దీనికి ఏ కాగితమూ లేదు. అందుకే అది పోయినా ఏ పహాణీలోనూ ఎక్కలేదు. జామాయిల్ ఆకుకు గొర్రె మూతి పెట్టదు. ఆ చెట్ల కింద గడ్డి కూడా పల్చబడింది.

పత్తి చేను ఆడవాళ్లకు కలుపుతో మొదలుపెట్టి ఏరేదాకా పని చూపిస్తుంది. జామాయిల్ నాలుగేళ్లకోసారి కోతకొస్తుంది. కోసే ముఠా బయటి నుంచి లారీతో వచ్చి అదే లారీతో పోతుంది. 2018లో రైతుబంధు ఎకరానికి పంటకు 4 వేలతో మొదలైంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, కౌలుదారుకు రాలేదు. ఇక కౌలు పోతే పట్టాదారుకు లోటేముంటుంది?

ఆయన వైపు న్యాయం లేదనను. మక్క వేస్తే కోతులు, పల్లి వేస్తే అడవి పందులు. కోతి కన్నెత్తి చూడని పంట ఇది. కర్రకు బేరమూ ఉంది. మంగపేట దగ్గర కమలాపురం గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయినా, సారపాక కాగితం మిల్లు నడుస్తూనే ఉంది. నా బావి ఎండిందంటే తప్పంతా చెట్లదేనని కూడా చెప్పలేను. చుట్టూ బోర్లు తక్కువేం లేవు, అందులో ఒకటి నాది. కానీ గెట్టు పక్కన నా రెండు సాళ్లు ఏటా ఎందుకు ఎండుతున్నాయో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. తవ్వితే వేర్లు కనపడతాయి.

మా జిల్లాలోనే గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు పోడు గొడవ వేరు. అక్కడ సాగుచేసుకునే భూమిలో అటవీశాఖ మొక్కలు నాటబోతే జనం అడ్డం నిలబడతారు, అది పేపరుకెక్కుతుంది. 2023లో రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారంటే ఆ కొట్లాట వల్లే. మాది పట్టా భూమి వ్యవహారం. ఎవరి మీద కొట్లాడాలి? కర్ణాటకలో 1987లో కుసనూరు రైతులు ప్రభుత్వ భూమిలో నాటిన నీలగిరి పీకి, తమకు పనికొచ్చే మొక్కలు పెట్టారు. 2017లో ఆ రాష్ట్రం కొత్తగా నీలగిరి నాటడాన్నే నిషేధించింది. నేను అంతదూరం పోను. బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడుగుతున్నాం కదా, ఏడెకరాల నీళ్లు తాగే తోట వేసేముందు గ్రామసభలో ఒక మాట చెప్పమంటున్నాను. పక్కవాడి గెట్టుకు ఇన్ని గజాలు వదలాలని, మంద పోయే బాట మూయొద్దని పంచాయతీ తీర్మానం చేయాలి. ఆ తీర్మానానికి విలువ ఉండేలా సర్కారు చట్టంలో ఒక వాక్యం రాయాలి.

పోయినసారి కోతప్పుడు పట్టాదారుకు ఫోన్ చేశాను. "పటేలా, గెట్టు మీది రెండు వరసలన్నా తీసేయండి" అన్నాను. "చూద్దాం తమ్మీ" అన్నాడు. మోళ్లు మళ్లీ చిగురేసి నా ఎత్తు దాటాయి. నాయన పోయాక మందను చూసుకుంటున్న మా అన్న, మొన్న సంతలో సగం గొర్లు అమ్ముకొచ్చాడు.