కాలువ గీసేవాళ్లను చేలగట్టుకు పంపండి

వెలిగొండ అనగానే అందరికీ సొరంగం తవ్విన యంత్రాలే గుర్తొస్తాయి. వాటికి దారి చూపిన డ్రాఫ్ట్స్‌మన్ ఎవరికీ గుర్తు రారు.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం పక్కన కొల్లంవాగు దగ్గర మొదలయ్యే జంట సొరంగాలు ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్లు. ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా కొండను తొలిచి దిగే వీల్లేదు. ఎత్తిపోసే మోటార్లూ లేవు. నీరు వాలు మీదే రావాలి.

ఆ వాలును చూపించే డ్రాయింగే ఎల్ సెక్షన్. దూరాన్ని బాగా కుదించి, ఎత్తును పెంచి గీస్తారు, లేకపోతే అంత సన్నని వాలు కంటికి ఆనదు. గీత కింద గడుల్లో చైనేజీ (మొదలు నుంచి దూరం), నేల మట్టం, కాలువ అడుగు మట్టం, తవ్వాల్సిన లోతు వరసగా ఉంటాయి. సర్వేలో మట్టాలు రాసుకునే లెవెల్ బుక్కులో ఒక్క అంకె తప్పుగా ఎక్కితే చాలు, చదునుగా వస్తున్న నేల గీత ఉన్నట్టుండి గుంటలో పడుతుంది. కంప్యూటర్ ఆ గుంటనూ శుభ్రంగా గీసేస్తుంది. చెయ్యి తిరిగిన డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం అక్కడ ఆగి, మళ్లీ లెవెల్ తీయించమంటారు. పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది.

2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికి ముంపు గ్రామాల పునరావాసం, కాలువల పనులు మిగిలే ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌మన్‌తో అసలు అవసరం ఇక్కడే. సొరంగం కొండ కింద నుంచి పోయింది, పిల్ల కాలువ రైతుల చేల మధ్య నుంచి పోవాలి. తూము కాస్త ఇటు జరిగితే ఏ చేను తడుస్తుందో, మెరక చేనుకు నీరెక్కుతుందో లేదో ఆ ఊరి రైతుకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవారికి తెలియదు.

కంభం చెరువునే చూడండి. గుండ్లకమ్మ నదికి అడ్డంగా, కొండల నడుమ ఇరుకు చూసి కట్ట వేశారు. శతాబ్దాలు దాటినా నిలిచిన ఆ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. నేల తెలిసినవాళ్ల ఎంపిక అది.

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివిన స్థానిక యువతకు ఈ పని ఇవ్వాలి. తవ్వకానికి ముందే వాళ్లను చేలగట్టుకు పంపి, రైతుల మాట విని గీత సవరించాలి. ప్రతి పిల్ల కాలువ డ్రాయింగునూ సర్వే నంబర్లతో, తెలుగులో, గ్రామ సచివాలయం గోడకు అతికించాలి. జలవనరుల శాఖ ఈ ఏర్పాటు వెంటనే చేయాలి.