నేల కుంగుతోందా? కొలిస్తేనే తెలుస్తుంది

సింగపూర్ సైన్స్ పార్క్ కెంట్ రిడ్జ్ గుట్ట వాలు మీద ఉంది. అడుగున గట్టి రాయి. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే పాసిర్ పంజాంగ్ ఓడరేవు. అది సముద్రాన్ని పూడ్చి కట్టినది. పూడ్చిన నేల ఏళ్ల తరబడి అణుగుతుంది. 1965 తర్వాత దేశ విస్తీర్ణం దాదాపు నాలుగో వంతు పెరిగింది ఇలాంటి పూడికతోనే. 2100 నాటికి అక్కడ సముద్రమట్టం 1.15 మీటర్ల దాకా పెరగవచ్చని 2024లో ప్రభుత్వ అధ్యయనం తేల్చింది. నేల కూడా దిగే చోట ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ కదలికను ఉపగ్రహ సంకేతాలతో పట్టవచ్చు. ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. శాశ్వత కేంద్రాల్లోని రిసీవర్లు మాత్రం 19 సెంటీమీటర్ల రేడియో తరంగంలో ఎన్నో వంతు అందిందో కూడా లెక్కిస్తాయి. అయినా ఎత్తు దగ్గరే చిక్కు. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు. గాలిలోని తేమ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే పక్కకు జరగడం కంటే పైకీ కిందికీ కదలడంలో పొరపాటు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఏటా రెండు మిల్లీమీటర్ల కుంగుబాటు తేలాలంటే ఏళ్ల రికార్డు కావాలి.

భూకంపానికి అంత ఓపిక అక్కర్లేదు. 2004 డిసెంబర్ 26 నాటి సుమత్రా భూకంపంతో సింగపూర్ సైతం కొద్ది సెంటీమీటర్లు పక్కకు జరిగింది. అండమాన్‌లో తెలుగువాళ్లు ఎందరో స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్ దాదాపు మీటరు కుంగింది. అక్కడి సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం మాత్రం పైకి లేవడంతో పగడపు దిబ్బలు ఎండిపోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఆ దీవుల కదలికను జీపీఎస్‌తోనే కొలిచారు.

మన డెల్టాల సంగతి అంత తేలిక కాదు. ఒండ్రు తన బరువుకు తానే అణుగుతుంది, ఆనకట్టలు కొత్త మట్టిని ఆపేస్తాయి. గ్యాస్ తవ్వకాల వల్ల కోనసీమ కుంగుతోందని రైతులు, కాదని కంపెనీలు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఈ తగవు మాటలతో తెగదు. ఇక్కడ ఒక జాగ్రత్త: లోతైన పైల్స్ (నేలలోకి దింపిన పునాది స్తంభాలు) మీద లేచిన మేడపై రిసీవర్ పెడితే తెలిసేది పైల్స్ అడుగు కదలికే, పై పొర అణగడం కాదు. కాబట్టి ఒకే చోట లోతుగా ఒకటి, పైపైన ఒకటి పాతాలి.

అంతర్వేది, ఉప్పాడ, మచిలీపట్నాల దగ్గర ప్రభుత్వం ఇలాంటి జంట కేంద్రాలు పెట్టాలి. వాటి లెక్కలు ఫైళ్లలో దాచకుండా జనం ముందుంచాలి.