‘కటక్’మంటే ఏం చేస్తావ్?

మూడేళ్ల క్రితం ఓ ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇది. ‘‘స్టీరింగ్ తిప్పుతుంటే కారు ముందు భాగంలో కటక్‌మని శబ్దం వస్తోంది. ఏం చేస్తావ్?’’

‘‘బాల్ జాయింట్ మారుస్తాను సార్’’ అన్నా, క్షణం కూడా ఆలోచించకుండా. మెకానికల్‌లో డిస్టింక్షన్ వచ్చినవాణ్ని కదా!

‘‘మార్చాక కూడా శబ్దం పోలేదు. అప్పుడు?’’

‘‘టై రాడ్ ఎండ్ మారుస్తా.’’

‘‘అదీ కాకపోతే?’’

‘‘స్టీరింగ్ ర్యాక్...’’

ఆ మూడో జవాబు నోట్లో ఉండగానే అర్థమైపోయింది, ఆ ఉద్యోగం నాకు రాదని.

నాలుగు నెలలు తిరక్కుండానే అదే ప్రశ్న మా ఇంటికొచ్చింది. నాన్న తెనాలిలో ఓ పాత కారు కిరాయికి తిప్పుతారు. ఎక్కువగా బాపట్ల, రేపల్లె ట్రిప్పులే. ఓ రోజు బాపట్ల నుంచి వస్తుంటే మలుపుల్లో శబ్దం మొదలైంది. ఒక గ్యారేజీలో లింక్ రాడ్లు మార్చారు. పోలేదు. లోయర్ ఆర్మ్‌లు మార్చారు. పోలేదు. చివరికి ‘ర్యాక్ పోయింది, పాతిక వేలవుద్ది’ అన్నారు. అప్పటికే తొమ్మిది వేలు ఖర్చయింది, వారం రోజుల కిరాయిలు పోయాయి. ఆ గ్యారేజీవాళ్లని తిట్టుకుందామన్నా నోరు రాలేదు. ఇంటర్వ్యూలో నేను చెప్పింది కూడా అదే కదా!

ర్యాక్‌కి డబ్బు సర్దుబాటు కాక, ఆ శబ్దంతోనే నెమ్మదిగా రేపల్లె వెళ్లినప్పుడు అక్కడో పాత మెకానిక్‌కి బండి చూపించాం. ఆయన రెంచి ముట్టుకోలేదు. ముందు నాన్నని అడిగారు: ‘‘బండి ఆగున్నప్పుడు తిప్పినా వస్తందా, నడుస్తుంటేనే వస్తందా? గతుకుల్లో వస్తందా? చేతికి తెలుస్తందా, కాళ్ల కింద తెలుస్తందా?’’ ఆగి ఉన్నప్పుడు కూడా వస్తోందని నాన్న చెప్పగానే నన్ను స్టీరింగ్ మెల్లగా తిప్పమని, ముందు చక్రం పైనున్న స్ప్రింగు మీద చెయ్యి ఆనించారు. స్ప్రింగు సాఫీగా తిరగడం లేదు. బిగుసుకుని, ఒక్కసారిగా జారుతోంది. స్ట్రట్ పైనుండే మౌంటింగ్ బేరింగ్ పట్టేసింది. పార్టు, కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. ర్యాక్ మాత్రం నిక్షేపంలా ఉంది.

నాలుగేళ్ల చదువులో ఆ బేరింగ్ పేరు నేనూ చదివా. ఎక్కడ వెతకాలో మాత్రం ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. కంపెనీలు జీతమిచ్చేది ఆ వెతకడానికే అని నా అభిప్రాయం.

ఆ వెతకడం ఎలా ఉంటుందో చూడండి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే వచ్చే శబ్దానికి మొదట స్ట్రట్ మౌంటింగ్‌ని అనుమానించాలి. పూర్తిగా ఒక పక్కకి తిప్పి మెల్లగా నడిపితే ‘టక టక టక’మంటూ, వేగంతో పాటు ఆ టకటకలూ పెరుగుతుంటే అది బయటివైపు సీవీ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది. మలుపుల్లోనే కాక గతుకుల్లో కూడా కొడుతుంటే స్టెబిలైజర్ లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ చూడాలి. శబ్దం డ్యాష్‌బోర్డు కింద నుంచి వస్తూ స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలుస్తుంటే కాలమ్ కింది షాఫ్ట్ జాయింట్ చూడాలి.

తర్వాత చక్రాన్ని పైకి లేపి చేత్తో ఊపి చూస్తారు. కుడి ఎడమల పట్టుకుని ఊపితే ప్లే ఉందంటే అనుమానం టై రాడ్ మీదికి పోతుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే ఉందంటే బాల్ జాయింటో, వీల్ బేరింగో. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండు పెట్టాలి, వెనక చక్రాలకు అడ్డు వెయ్యాలి. వీటన్నిటికన్నా ముందు వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో, డిక్కీలో జాకీ దొర్లుతోందేమో చూడాలి. నవ్వొద్దు, వేలు ఖర్చు పెట్టాక డిక్కీ తెరిచి చూసేవాళ్లూ ఉంటారు.

ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. బాగా అరిగిన బాల్ జాయింట్ ఊడిపోతే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, బండి మన మాట వినదు. మన డెల్టాలో కాలవ గట్ల మీద రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ‘శబ్దమే కదా’ అని వదిలెయ్యడం ఎంత తప్పో, వెతక్కుండా ఏదో ఒక పార్టు మార్చి పంపెయ్యడమూ అంతే తప్పు.

‘ఇప్పుడు స్కానర్లున్నాయి, ఏఐ ఉంది, ఇదంతా ఎందుకన్నా?’ అని ఓ తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ బాల్ జాయింట్‌కి సెన్సర్ ఉండదు. అరిగిపోతే స్కానర్‌లో ఏ కోడూ రాదు. ఏఐని అడిగితే పది కారణాలు వరస పెట్టి చెబుతుంది. ఈ కారులో ఆ పదింట్లో ఏదో తేలాలంటే ఎవరో ఒకరు స్ప్రింగు మీద చెయ్యి పెట్టాల్సిందే.

‘మాది సీఎస్‌ఈ, మాకేంటి?’ అంటారా? సర్వర్ పడిపోయినా వరస ఇదే. సమస్య ఎప్పుడు వస్తోందో కనుక్కోవాలి. మళ్లీ వచ్చేలా చేసి చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక నిజంగా పోయిందో లేదో పరీక్షించాలి. కారణం దొరికాక కూడా ఆగకూడదు. టొయోటాలో తైచి ఒనో ‘ఎందుకు’ అని అయిదుసార్లు అడగమన్నారు. సీవీ జాయింట్ ఎందుకు అరిగింది? గ్రీజు పోయింది. ఎందుకు పోయింది? బూటు చిరిగింది. ఆ చిరుగు ముందే చూసుంటే కొత్త బూటుతో పోయేది.

ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఈ సెలవుల్లో రెండు వారాలు మీ ఊళ్లో మంచి పేరున్న షెడ్డుకి వెళ్లండి. అడిగితే చాలామంది కాదనరు. పనికి అడ్డు రాకుండా నిలబడి, వచ్చిన ప్రతి బండికీ నోట్‌బుక్‌లో మూడు మాటలు రాసుకోండి: యజమాని ఏం చెప్పాడు, మెకానిక్ ఏం పరీక్షించాడు, చివరికి ఏం తేలింది. డిగ్రీ చేతికొచ్చాక ఏడాది అప్రెంటిస్‌షిప్ దొరికితే స్టైపెండ్ తక్కువని వదులుకోకండి. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు కార్లు తయారవుతున్నాయి. తయారైన ప్రతి కారుకీ ఏదో ఒక రోజు శబ్దం వస్తుంది. అది ఎక్కడిదో తేల్చే మనిషి కావాలి.

ఆ ఇంటర్వ్యూ మళ్లీ జరిగితే పార్టు పేరు చెప్పను. ‘‘బండి ఆగున్నప్పుడు కూడా వస్తోందా సార్, నడుస్తున్నప్పుడేనా?’’ అని ముందు ఆయన్నే అడుగుతా.