పూర్ణం నుంచి శూన్యానికి

కాంతి అంటే ఏమిటన్న ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెలుతురు అందరికీ కనిపిస్తుంది, అణువు లోపలి కణం ఎవరికీ కనిపించదు. ఊహకు ఈ రెండూ అనుకూలమే. రిటైరైన ఇంజనీర్లు, లెక్కల మాస్టార్లు, ధ్యానసాధకులు సొంత ఖర్చుతో చిన్న పుస్తకాలు అచ్చువేయించి విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలకు పంపడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. వాటిలో విషయం ఎంత మారినా వరస పెద్దగా మారదు. కొన్ని కాంతి అలలకు ఆధారమని ఒకప్పుడు అనుకున్న ఈథర్‌ను మళ్ళీ పిలుచుకొస్తాయి. కొన్ని పరమాణువును బుల్లి సౌరకుటుంబం చేస్తాయి. కొన్ని కాంతి కణమైన ఫోటాన్‌ను విడదీసి రెండు చిన్న కణాల జంట అంటాయి. మిగిలినవి క్వాంటం సిద్ధాంతమంతా ఉపనిషత్తుల్లోనే ఉందని తేల్చేస్తాయి.

వీటిని చూసి నవ్వేముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఫోటాన్ జంట కణం అన్న ఊహ వీధి అరుగుల మీద పుట్టింది కాదు. ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉందని చెప్పి 1929లో నోబెల్ అందుకున్న లూయీ ద బ్రోలీ, ఫోటాన్ రెండు న్యూట్రినోల కలయిక కావచ్చని 1930లలో ప్రతిపాదించాడు. 1938లో ప్రైస్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ లెక్కలోని చిక్కు చూపించాక ఆ దారి దాదాపు మూతపడింది. ఊహ తప్పు కావడం అవమానం కాదు. తప్పని చూపించడానికి వీలుండేట్టు అది రాసిపెట్టి ఉండటమే ముఖ్యం.

తెలుగునేల మీద ఈ రకం ఆలోచన పాతదే. పదిహేడో శతాబ్దంలో కృష్ణాతీరం వాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయదర్శనానికి మొదటి పాఠం. దానికి జంట దర్శనమైన వైశేషికం లెక్కలో కిటికీ సందులోంచి పడే ఎండలో తేలే నలుసు త్రసరేణువు. అందులో ఆరోవంతు పరమాణువు. మైక్రోమీటరు వెడల్పున్న నలుసులోనే వేల కోట్ల పరమాణువులుంటాయని ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ అంకె నిలవలేదు. అయినా అది అంకె. అంతకన్నా సరదా అయినది బంగారం సంగతి. అన్నంభట్టు వర్గీకరణలో గనిలో పుట్టిన బంగారం వంటివి మట్టి జాతివి కావు, తేజస్సు జాతివి, అంటే అగ్నికీ సూర్యకాంతికీ చుట్టాలు. అందుకు సంప్రదాయం చెప్పే కారణం వంటింటిది: నెయ్యిని మితిమీరి కాస్తే మాడి దాని ద్రవగుణం పోతుంది, బంగారానికి ఎంత మంట పెట్టినా పోదు. ఆ తర్కాన్ని పొడిగిస్తే విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి పారే ఇనుము కూడా తేజస్సే. నిర్ణయం తప్పు, కాని నెయ్యి గిన్నెను సాక్ష్యానికి పిలవడం తప్పు కాదు. ఇప్పటి చిన్న పుస్తకాల్లో చాలావాటికి ఆ గిన్నె కూడా ఉండదు.

కొలిమి వెలుగు నుంచే అసలు జవాబు కూడా వచ్చిందనేది వేరే సంగతి. వేడెక్కిన వస్తువు రంగుకూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని బెర్లిన్ ప్రయోగశాలల్లో కొలిచారు. ఆ కొలతలకు సరిపోయే సూత్రం వెతుకుతూ 1900లో మాక్స్ ప్లాంక్ శక్తిని విడివిడి మోతాదులుగా పంచాల్సి వచ్చింది. దూరం నుంచే కరిగిన లోహం వేడి చెప్పే పైరోమీటరు పని చేసేది ఆ సూత్రం మీదే.

విశాఖపట్నంలో ఔత్సాహికులు మొదట ఊహించలేదు, కొలిచారు. మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూసి లెక్కలు నమోదు చేశాడు. ఇద్దరిదీ జీతం లేని పని. నర్సింగరావు 1892లో పోయాడు. మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులో ఉన్నది ఆయన భార్యే. అదే 1892లో ఆ కళాశాలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి ఆర్. చంద్రశేఖర అయ్యర్ అనే ఉపాధ్యాయుడు వచ్చాడు. వెంట నాలుగేళ్ళ కొడుకున్నాడు. ఆ పిల్లవాడు చంద్రశేఖర వెంకట రామన్. సముద్రం ఎదుటే పదేళ్ళ పాటు పెరిగి, పదకొండో ఏట మెట్రిక్యులేషన్ అయి, ఆ కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివి మద్రాసు వెళ్ళాడు.

రామన్ కథ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, దాన్ని తిరిగి చెప్పనక్కర్లేదు. ఒక్క భాగం ఇక్కడికి పనికొస్తుంది. 1907 నుంచి పదేళ్ళ పాటు ఆయన, ఎక్కువకాలం కలకత్తాలో, ఆర్థికశాఖ ఉద్యోగి. పొద్దున్నా సాయంత్రమూ బౌబజారులోని ప్రయోగశాలలో గడిపిన ఔత్సాహికుడు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ, సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబమేనన్న లార్డ్ రేలీ మాటను పరీక్షించాడు. సాధనం జేబులో పట్టే నికల్ పట్టకం. నీటి మీద నుంచి ఒక ప్రత్యేక కోణంలో తిరిగివచ్చే కాంతికి ధ్రువణం ఉంటుంది, అంటే దాని అలలు ఒకే దిశలో ఊగుతాయి. పట్టకాన్ని సరిగ్గా తిప్పితే ఆ ప్రతిబింబం ఆరిపోతుంది. ఆర్పి చూస్తే సముద్రం నీలంగానే ఉంది, ఇంకా చిక్కగా ఉంది. రేలీ మాట అక్కడితో సరి. రామన్ కూడా పూర్తిగా గెలవలేదు. నీలాన్నంతా నీటి అణువుల పరిక్షేపణకే ఆయన కట్టబెట్టాడు. నీరు ఎరుపును పీల్చుకోవడం కూడా అందులో పెద్ద భాగమని ఇప్పుడు లెక్క. పోలరాయిడ్ కళ్ళద్దాలున్న ఎవరైనా రామకృష్ణా బీచ్‌లో నిలబడి, అద్దాన్ని కంటి ముందు పావువంతు తిప్పి ఇదే ప్రయోగం చేసుకోవచ్చు. ఇదే రామన్ చివరి దశలో రంగుల చూపు మీద పుస్తకం రాసి, కంటిలో మూడు రకాల గ్రాహకాలుంటాయన్న సిద్ధాంతాన్ని కాదన్నాడు. శాస్త్రలోకం ఒప్పుకోలేదు. నోబెల్ చేతిలో ఉన్నా కొలత కలిసిరాకపోతే ఊహ ఊహగానే మిగులుతుంది.

ఫోటాన్ స్వభావం మీద భారతదేశంలో పుట్టిన అసలైన ఊహ సత్యేంద్రనాథ్ బోస్‌ది. 1924లో ఢాకాలో ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబడుతుంటే, లెక్క సరిపడాలంటే ఒకచోట రెండుతో హెచ్చించాల్సి వచ్చింది. ఆ రెండు ఎందుకు? ఫోటాన్ తన ప్రయాణ దిశ చుట్టూ అటో ఇటో తిరుగుతూ ఉండవచ్చని, అందుకే రెండు స్థితులని బోస్ మనసులో ఉంది. అచ్చయిన వ్యాసంలో ఆ వివరణ లేదు. ఏడేళ్ళ తర్వాత దాన్ని ప్రయోగానికి లాగినవారు రామన్, ఆయన శిష్యుడు సూరి భగవంతం. అణువుల మీద పడి చెదిరిన కాంతిలో ధ్రువణం ఎంత చెడిందో, ఆ చెడిన భాగం వర్ణపటంలో ఎక్కడ పడిందో కొలిచి, ఫోటాన్‌కు ఒక క్వాంటం స్పిన్ ఉందని 1931లో ప్రకటించారు. బోస్ ఊహను పేరుపెట్టి ఉటంకించారు కూడా. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతం అప్పటికి దాదాపు ఇరవై రెండేళ్ళవాడు. మరుసటి ఏడే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. కాంతి ఒక వస్తువును తిప్పగలదన్నది నేరుగా చూపించినవాడు అమెరికాలో రిచర్డ్ బెత్, 1936లో. సన్నని క్వార్ట్‌జ్ దారానికి ఒక పలక వేలాడదీసి, దాని మీద వలయ ధ్రువణ కాంతి పంపి, దారం మెలిపడటాన్ని కొలిచాడు.

ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా చదువుకుని ఊహించినవాళ్ళు. ఊహించాక చదువుకున్నవాడు ఒకడున్నాడు. విశాఖకు సంబంధించి ఈ విషయంలో అసలు మనిషి ఆయనే. పశ్చిమగోదావరిలో భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యవ్వనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి స్వామి జ్ఞానానంద అయ్యాడు. యోగానుభవాన్నీ సృష్టితత్త్వాన్నీ కలిపి పూర్ణసూత్రాలు రాశాడు. వాటిని అచ్చువేయించడానికి 1927లో జర్మనీ వెళ్ళాడు. అక్కడిదాకా ఇది తెలిసిన కథే: కాషాయం, విదేశయాత్ర, యోగం మీద ఉపన్యాసాలు. అక్కడ ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెవినపడింది. ఆ స్థానంలో మరొకరుంటే అదంతా తన సూత్రాల్లో ముందే ఉందని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవారు. ముప్పై దాటిన స్వామి డ్రెస్‌డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

తర్వాత ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేశాడు. ఎక్స్‌రే కూడా కాంతే. అలల పొడవు మాత్రం పరమాణువుల మధ్య దూరమంత చిన్నది. అందుకే స్ఫటికమే దానికి జల్లెడ. స్ఫటికాన్ని కాస్త వంచి కిరణాలను ఒక గీత మీదికి చేర్చి, ఆ గీత స్థానం నుంచి అలల పొడవు చెప్పాలి. 1936లో అక్కడ డాక్టరేట్ వచ్చేసరికి ఆయనకు నలభై ఏళ్ళు. అక్కడి నుంచి ఇంగ్లండులో లివర్‌పూల్‌కు, న్యూట్రాన్ కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గరికి వెళ్ళి బీటా కిరణాల వర్ణపటం మీద పనిచేశాడు. అటుపైన అమెరికాలో మిషిగన్. 1947లో అక్కడ అచ్చయిన ఆయన పుస్తకం పేరు ‘హై వాక్యువా’, గొప్ప శూన్యాన్ని తయారుచేయడం, కొలవడం ఎలాగో చెప్పే సాంకేతిక గ్రంథం. పూర్ణసూత్రాలు రాసిన చెయ్యే పంపుల గురించీ, గొట్టాల అతుకుల గురించీ రాసింది. యోగి శూన్యం గురించి రాస్తే అది వేదాంతమే అయి ఉంటుందని పేరు చూసి పుస్తకం తెరిచినవారు నిరాశపడక తప్పదు.

శూన్యం ఎందుకు కావాలో బీటా కిరణాల పనే చెబుతుంది. రేడియోధార్మిక పదార్థం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్‌ను అయస్కాంతంతో వంచి, వంపు ఎంతో చూసి వేగం లెక్కగట్టాలి. దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాన్ దాన్ని గుద్దుకుని శక్తి పోగొట్టుకుంటుంది, లెక్క చెడుతుంది. ఈ ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తితో రావాలి. రావడం లేదని 1914లో బెర్లిన్‌లో చూపించినవాడు చాడ్విక్కే. ఒకటి ఎక్కువతో, ఒకటి తక్కువతో, మధ్యలో అన్ని విలువలతోనూ వస్తున్నాయి. మిగిలిన శక్తి ఎక్కడికి పోతోంది? శక్తి నిత్యత్వ నియమాన్నే వదిలేద్దామా అని నీల్స్ బోర్ ఆలోచించాడు. 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలి ఒక ఉత్తరంలో, విద్యుదావేశం లేని, దాదాపు దేనికీ తగలని ఇంకో కణం ఆ శక్తిని ఎత్తుకుపోతోందని రాశాడు. పైకి చూస్తే చిన్న పుస్తకాల ఊహకూ దీనికీ తేడా లేదు: కంటికి కనిపించనిది, ప్రయోగానికి దొరకనిది. తేడా ఉత్తరంలోనే ఉంది. ఆ కణానికి స్పిన్ ఎంత ఉండాలో, బరువు ఎంతకు మించకూడదో పౌలి అంకెల్లో చెప్పాడు. కొన్నేళ్ళకే ఫెర్మి ఆ ఊహ నుంచి బీటా వర్ణపటం ఆకారాన్నే గీసి ఇచ్చాడు. గీత కొలతకు సరిపోతుందా లేదా అన్నది ప్రయోగశాలలు చూసుకోవలసిన పని. న్యూట్రినో అనే ఆ కణం పట్టుబడటానికి 1956 దాకా పట్టింది. రైన్స్, కొవాన్ అమెరికాలో ఒక అణు రియాక్టరు పక్కన పట్టుకున్నారు.

జ్ఞానానంద 1947లో దేశానికి తిరిగివచ్చి ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. న్యూట్రినో దొరికిన 1956లోనే అక్కడ అణుభౌతికశాస్త్రం వేరే విభాగమైంది. ఆయన 1969లో పోయాడు. వాల్తేరు మెట్ట మీది ఆ ప్రయోగశాలలకు తర్వాత ఆయన పేరే పెట్టారు. యోగం వదిలిపెట్టాడా అంటే లేదు, చివరిదాకా స్వామిగానే బతికాడు. సూత్రాలు ప్రమాణమని స్పెక్ట్రోమీటరు దగ్గర వాదించలేదు. స్పెక్ట్రోమీటరు అంకెలను సూత్రాలకు సాక్ష్యంగా అచ్చువేయలేదు. రెంటినీ కలిపేయమని శ్రోతలు ఎంత కోరుకునేవారో ఊహించవచ్చు.

సొంత సిద్ధాంతంతో వచ్చేవారిని ఏమడగాలన్నది ఈ చరిత్రను బట్టే తేలుతుంది. ఫోటాన్ గురించి కొత్తగా చెప్పేవారు ధ్రువణ స్థితులు రెండే ఎందుకో చెప్పాలి. ఎలక్ట్రాన్‌ను తాకి లంబ దిశలో మళ్ళిన ఎక్స్‌రే అలల పొడవు సరిగ్గా 0.00243 నానోమీటర్లే ఎందుకు పెరుగుతుందో, అంటే 1923లో కాంప్టన్ చూసిన అంకె ఎలా వస్తుందో రాబట్టాలి. సాపేక్షతను కాదనేవారికి పని ఇంకా దగ్గరే ఉంది. ఆకాశంలో దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే మ్యూయాన్లనే కణాల సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో వచ్చినా ఆ వ్యవధిలో దాటేది 660 మీటర్లే. అయినా నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున పడుతున్నాయి. అదెలాగో సాపేక్షత లేకుండా చెప్పాలి. అడుగున పొడి మంచు, లోపల ఆల్కహాలు ఆవిరి ఉన్న గాజుపెట్టెలో వాటి జాడలు సన్నని తెల్లని గీతలుగా కనిపిస్తాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు, కాలేజీ పిల్లలు కట్టుకునే పెట్టె ఇది.

విశాఖకు బీటా కిరణాల కోసం పైకి చూడాల్సిన పని కూడా లేదు. భీమునిపట్నం వైపు తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌లతో పాటు కొద్దిపాటి మోనజైట్ ఉంటుంది. అందులో థోరియం ఉంది. దాని అర్ధాయువు దాదాపు 1,400 కోట్ల ఏళ్ళు. థోరియం వరుసగా మారుతూ పోయే మూలకాల్లో కొన్ని బీటా కణాలను విడుస్తాయి, ఏ రెండూ ఒకే శక్తితో కాదు. ఇసుక పక్కన పెట్టిన గైగర్ కౌంటరుకు ఆ ఎలక్ట్రాన్లు వినిపిస్తాయి. తక్కువపడిన శక్తి న్యూట్రినోలతో కౌంటరును దాటి, బంగాళాఖాతాన్నీ దాటి, భూమి అవతలికి వెళ్ళిపోతుంది.