కొండమీదికి వచ్చిన శుభవార్త



మారిషస్ అనగానే కాలెండర్లలో చూసే తెల్లని ఇసుక, నీలిరంగు నీళ్ళు, పెద్ద హోటళ్ళు మనకు గుర్తుకు వస్తాయి. ఈ నెల మేము మీకు చెప్పబోయేది ఆ ద్వీపపు దక్షిణ తీరాన్ని గురించి. అక్కడ సందడి తక్కువ. మా సంఘంలో పెరిగిన ఒక కుటుంబం ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉంటున్నారు. వారి ఆహ్వానాన్ని బట్టి మేమిద్దరం మొన్న మే నెలలో వెళ్ళాం. మన దగ్గర రోళ్ళు పగిలే ఎండలు, అక్కడ చల్లని కాలం ప్రారంభం.

వారు మాకొక కారును, దారి చూపడానికి ఒక పెద్దాయనను కుదిర్చారు. ఆయన పూర్వీకులు తెలుగువారు. మన కోరంగి రేవు నుండి ఓడ ఎక్కినవారు గనుక వారిని అక్కడ కొరింగీలు అని పిలిచేవారట. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాష. ఆయనకు మిగిలిన తెలుగు అమ్మ, తాత, అన్నం వంటి నాలుగు మాటలే. మాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. "మీ ఊరికి కోరంగి ఎంత దూరం?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. మాది కాకినాడ, బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు అన్నాం. కారు పక్కకు ఆపి, వెనక్కి తిరిగి మా ముఖాలు చూశాడు. "ఆ రేవు ఇంకా ఉందా?" అన్నాడు. 1839 తుఫానులో ఉప్పెన ఆ ఊరిని ముంచెత్తిందనీ, రేవు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదనీ, ఇప్పుడక్కడ మడ అడవులున్నాయనీ చెప్పాం. ఆయన ఏమీ అనకుండా బండి కదిలించాడు.

క్యూర్‌పిప్ పట్టణం నుండి బ్వా షెరీ తేయాకు తోటల మీదుగా దక్షిణానికి దిగాం. దిగువకు వచ్చేకొద్దీ దారికి ఇరువైపులా చెరకు. ఆ చేల మధ్యలో ఇంటెత్తున పేర్చిన నల్లరాళ్ళ గుట్టలు కనిపించాయి. అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన నేల గనుక ఎక్కడ తవ్వినా రాళ్ళే. "వాటిని చేతులతో ఏరి పోసింది బానిసలు, వారి తరువాత మా పెద్దలు" అన్నాడాయన. 1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దేశంలో అడుగుపెట్టారు. ఆ గుట్టలమీద ఎవరి పేర్లూ లేవు.

సుయాక్ అనే ఊరి చివర గ్రీ గ్రీ అనే చోటు ఉంది. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు గోడలా నిలిచి అలలను ఆపుతాయి. ఇక్కడ మాత్రం ఆ గోడ లేదు. సముద్రం నేరుగా వచ్చి నల్లని కొండచరియను కొడుతుంది. దగ్గరలోనే ఏడ్చే బండ అని పేరున్న రాయి ఒకటి ఉంది. అల వెనక్కి వెళ్ళాక దాని ముఖం మీదనుండి నీళ్ళు కారుతూ ఉంటాయి.

అక్కడ నుండి తీరం వెంబడే పడమటికి సాగి, మధ్యాహ్నానికి లె మోర్న్ కొండ యొద్దకు చేరాం. సముద్రపు ఒడ్డున 556 మీటర్ల ఎత్తున నిటారుగా లేచిన రాతికొండ అది. యజమానుల నుండి పారిపోయిన బానిసలు 18వ శతాబ్దంలోను, 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోను దాని గుహల్లోను, శిఖరం మీద దాగి బ్రతికారు. ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండే కాక మన భారతదేశం నుండి కూడా బానిసలు ఆ ద్వీపానికి తేబడ్డారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అక్కడివారు తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటి ఆయన మాకు చెప్పాడు. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. కొండమీద ఉన్నవారికి ఆ కబురు చెప్పడానికి పోలీసులను పంపారట. పైనున్నవారికి కనిపించింది యూనిఫారాలు మాత్రమే. తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకొని, మళ్ళీ సంకెళ్ళలోకి వెళ్ళడం కంటే చావే మేలని అంచునుండి దూకేశారట. చెప్పడం ముగించి ఆయన మాతో ఇలా అన్నాడు: "వార్త మంచిదే. తెచ్చినవాళ్ళను చూస్తేనే భయం."

ఆ మాట మా ఇద్దరికీ గుచ్చుకుంది. ఎందుకో మీతో దాచము. కొన్ని సంవత్సరాల క్రితం మా పెద్దబ్బాయి ఇంటర్ తప్పి, మేము కోప్పడినందుకు రాజమండ్రిలో వాళ్ళ మామయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. వారం తిరగకముందే మా మనసు కరిగింది. ఇంటికి రమ్మని చెప్పడానికి మేము వెళ్ళలేదు. పరువుకు జంకి, కఠినమైన మాటకు పేరుపడిన ఒక పెద్దమనిషిని పంపాం. ఆయనను వీధి చివర చూడగానే వాడు వెనక గుమ్మం గుండా పోయి హైదరాబాదు రైలెక్కాడు. మేము క్షమించిన సంగతి వాడికి చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అయినా మా ఫోను వెళ్తే వాడు అనే మొదటి మాట, "ఏమైంది నాన్నా?"

కొండ దిగువన 2009లో నిలిపిన స్మారక స్థలం ఉంది. అక్కడి రాతిశిల్పాల మధ్య చాలాసేపు కూర్చున్నాం. ఆనాడు ప్రభుత్వం యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. విడుదలైనవారికి ఏమీ ఇవ్వలేదు. పైగా అప్రెంటిస్‌లనే పేరుతో 1839 వరకు పాత యజమానుల కిందనే పని చేయించారు. అలాంటి పాలకుల మనుషులను పైవాళ్ళు నమ్మలేకపోయారంటే తప్పు ఎవరిది?

బేత్లెహేము పొలంలో గొల్లల యొద్దకు వచ్చిన దూత ముందు వారి భయం తీర్చి, ఆ తరువాతనే సంగతి చెప్పాడు. కబురు మోసుకుపోయే మనమందరం నేర్చుకోవలసిన క్రమం అది. మీ ఇంట్లో క్షమించి కూడా చెప్పని మాట ఏదైనా ఉంటే, దానిని ఇంకొకరి చేత పంపకండి. మీరే వెళ్ళండి. వారికి భయం కలగని ముఖంతో వెళ్ళండి.

ఆ రాత్రి బసకు చేరగానే అబ్బాయికి ఫోను చేశాం. అక్కడ ఏడు గంటలు, మనకు ఎనిమిదిన్నర. "ఏమైంది నాన్నా?" అన్నాడు ఎప్పటిలాగే. "ఏమీ కాలేదు నాన్నా, నీ గొంతు వినాలనిపించింది" అన్నాం.